యుద్ధకాలపు వినోద ప్రకటనలు: అపోహలు - వాస్తవాలు

పాత పత్రికల స్కాన్‌లు చదివి సూచికలు తయారు చేయడం నా పని. కొన్నేళ్లుగా రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటన్ పత్రికలే ఎక్కువగా చూస్తున్నాను. ఒక పేజీలో బాంబుల వార్త ఉంటుంది, పక్క పేజీలో సినిమాలు, కచేరీలు, డ్యాన్సుల ప్రకటనలు ఉంటాయి. ఆ పక్క పేజీ గురించి చాలామందికి తప్పు అభిప్రాయాలున్నాయి.

అపోహ: బాంబులు పడుతుంటే వినోదాలన్నీ మూసేసి ఉంటారు.

వాస్తవం: అన్నింటినీ మూయించింది బాంబులు పడకముందే. 1939 సెప్టెంబర్ 3న యుద్ధం ప్రకటించగానే ప్రభుత్వం సినిమా హాళ్లు, నాటకశాలలు మూయించింది, కొన్ని రోజులకే మళ్లీ తెరవనిచ్చింది. ఏడాది తర్వాత లండన్ మీద అసలు దాడులు మొదలైనప్పుడు నాటకశాలలు బాగా దెబ్బతిన్నా, సినిమా హాళ్లు చాలావరకు నడిచాయి. సైరన్ మోగితే తెర మీద నోటీసు వేసేవారు: వెళ్లాలనుకునేవారు వెళ్లవచ్చు, ఆట ఆగదు అని. చాలామంది కదిలేవారు కాదు.

మారింది ఆట వేళ. శత్రు విమానాలకు ఊరు కనపడకుండా రాత్రి వెలుతురు బయటికి రానివ్వని బ్లాకౌట్ ఆ రోజు ఎన్నింటికి మొదలవుతుందో పత్రికలే అచ్చు వేసేవి. ప్రకటనలోని టైమును దాని పక్కన పెట్టి చూస్తే, జనం చీకటి పడకముందే ఇల్లు చేరేవారా లేదా అన్నది తెలిసిపోతుంది. నేను ఏ ప్రకటననైనా ముందు ఇలాగే చదువుతాను.

అపోహ: శత్రువు జర్మనీ కాబట్టి జర్మన్ సంగీతం వినిపించనివ్వలేదు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే జరిగింది చాలా గొప్ప విషయం. బాంబుల భయంతో లండన్ నేషనల్ గ్యాలరీలోని చిత్రాలను ఊరు దాటించారు. ఆ ఖాళీ గోడల మధ్య పియానో విద్వాంసురాలు మైరా హెస్ 1939 అక్టోబర్ 10న మధ్యాహ్న కచేరీలు మొదలుపెట్టారు. టికెట్ ఒక్క షిల్లింగ్. ఆఫీసుల్లో పనిచేసేవారు భోజన విరామంలో వచ్చి విని మళ్లీ పనికి వెళ్లేవారు. వాయించినది బాఖ్, బీతోవెన్, షూబర్ట్ లాంటివాళ్ల సంగీతం. హెస్ స్వయంగా యూదు మహిళ. దాడులు ముదిరినప్పుడు కింది అంతస్తులోని షెల్టర్ గదికి మారారు తప్ప మానలేదు. 1946 వరకు దాదాపు 1,700 కచేరీలు జరిగాయి. కార్యక్రమాల జాబితాలో బీతోవెన్ అన్న ఒక్క పేరు కనిపిస్తే చాలు, ఆ ఊరి మనసు ఎలా ఉందో నాకు అర్థమవుతుంది.

అపోహ: ప్రకటన వచ్చిందంటే కార్యక్రమం జరిగినట్టే.

వాస్తవం: పనిలో చేరిన కొత్తలో నేనూ అలాగే నమ్మి ఒక డ్యాన్సును "జరిగింది" అని రాసేశాను. తర్వాతి వారం సంచికలో రద్దయినట్టు రెండు లైన్ల నోటీసు కనిపించింది. అప్పటి నుంచి తర్వాతి సంచిక చూడకుండా ఏదీ ఖాయం చేయను. లండన్‌లోని కచేరీల హాలు క్వీన్స్ హాల్ సంగతే చూడండి. 1941 మే 10 మధ్యాహ్నం అక్కడ కచేరీ జరిగింది, ఆ రాత్రే బాంబులకు హాలు కాలిపోయింది. ఏటా వేసవిలో జరిగే ప్రామ్స్ అనే కచేరీలు ఆ ఏడు రాయల్ ఆల్బర్ట్ హాల్‌కు మారాయి.

ప్రకటనలో ఇచ్చే భరోసా కూడా అంతే. లండన్‌లోని నైట్‌క్లబ్బు కెఫే డి పారిస్ నేల అడుగున ఉంది కాబట్టి ఊళ్లోకెల్లా సురక్షితమని ప్రచారం చేసుకుంది. 1941 మార్చి 8 రాత్రి బాంబులు సరిగ్గా అక్కడికే దిగాయి. 30 మందికి పైగా చనిపోయారు. వారిలో వేదిక మీదున్న బ్యాండ్ నాయకుడు కెన్ జాన్సన్ ఒకరు.

అపోహ: ప్రకటనలు చిన్నవయ్యాయంటే కార్యక్రమాలు తగ్గినట్టు.

వాస్తవం: తగ్గింది కాగితం. 1940లో నార్వే జర్మనీ చేతికి చిక్కాక అక్కడి నుంచి కాగితం గుజ్జు రావడం ఆగిపోయింది. చాలా పత్రికలు నాలుగు పేజీలకు కుదించుకుపోయాయి.

అపోహ: పార్కుల్లో మేళాలు పెట్టింది సరదా కోసమే.

వాస్తవం: సరదా నిజమే, కానీ వెనక లెక్క ఉంది. రైళ్లు సైన్యానికి కావాలి, దక్షిణ, తూర్పు తీరాల్లోని బీచ్‌లలో చాలాచోట్ల ముళ్లకంచెలు, మందుపాతరలు ఉన్నాయి. అందుకే సెలవులు ఇంటి దగ్గరే గడపండి అంటూ వేసవుల్లో స్థానిక కౌన్సిళ్లే పార్కుల్లో బ్యాండు మేళాలు, బొమ్మలాటలు, డ్యాన్సులు ఏర్పాటు చేసి పత్రికల్లో ప్రకటించాయి. ఊరేగింపులకైతే మరో పని ఉండేది. "యుద్ధనౌకల వారం" లాంటివి యుద్ధ ఖర్చు కోసం జనం చేత ప్రభుత్వ పొదుపు పత్రాలు కొనిపించడానికే పెట్టారు. ఆ ప్రకటనల్లో బ్యాండు పేరు పక్కనే ఆ ఊరు సమకూర్చాల్సిన మొత్తం కూడా వేసేవారు.