చిన్నపిల్లల చదువుపై రీసెర్చ్ పేపర్లు వెతకడం: అపోహలు - వాస్తవాలు

ఎడ్యుకేషన్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. టాపిక్ ఓకే అయిన ఎం.ఎడ్., పీహెచ్‌డీ వాళ్ళు నా దగ్గరికి ఎక్కువగా మోసుకొచ్చే అపోహలు ఇవి.

అపోహ: మన పిల్లల మీద పేపర్లే లేవు, ఏది వెతికినా అమెరికావే.

ఉన్నాయి. రీసెర్చ్ పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో "ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్" అని ఇంగ్లిష్‌లో కొట్టి ఊరుకుంటే అమెరికావే ముందు వరసలో కూర్చుంటాయి. మన దగ్గర ఇదే సంగతిని ఒకరు ప్రీస్కూల్ అని, ఇంకొకరు ప్రీ-ప్రైమరీ అని, ఈసీసీఈ (ఎర్లీ చైల్డ్‌హుడ్ కేర్ అండ్ ఎడ్యుకేషన్) అని, బాల్వాడీ అని రాస్తారు. వీటన్నిటి మధ్య ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో "OR" (లేదా) పెట్టి ఒకేసారి వెతకండి. ఒక్క అంగన్‌వాడీ అని కొడితే పోషకాహారం, బరువు, రక్తహీనత పేపర్లు కుప్పగా వచ్చిపడతాయి, కాబట్టి పక్కన "స్కూల్ రెడీనెస్" (బడికి సిద్ధంగా ఉండటం) అని ఇంగ్లిష్‌లో కొటేషన్ గుర్తుల మధ్య చేర్చండి, చదువు సంగతి ముందుకొస్తుంది. పనికొచ్చే పేపర్ ఒక్కటి దొరికిందంటే దాని కింద "సైటెడ్ బై" నొక్కండి, ఆ తర్వాత దాన్ని ఎవరెవరు వాడుకున్నారో వరసగా కనిపిస్తుంది. నేనైతే కొత్త వాళ్ళకి ముందు నేర్పేది ఇదే.

ఇంకో సంగతి, మంచి పరిశోధన అంతా జర్నల్స్‌లోనే ఉండదు. ఇండియా ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్ ఇంపాక్ట్ స్టడీ తెలంగాణ, అస్సాం, రాజస్థాన్ పిల్లల్ని నాలుగేళ్ళప్పటి నుంచి ఎనిమిదేళ్ళు వచ్చేదాకా గమనించింది, 2017లో రిపోర్టుగా వచ్చింది. యంగ్ లైవ్స్ అనే దీర్ఘకాల అధ్యయనం వాళ్ళు 2002 నుంచి ఆంధ్ర, తెలంగాణ పిల్లల్ని వాళ్ళు పెరిగి పెద్దయ్యేదాకా చూస్తూ వచ్చారు. మన ఊళ్ళ పిల్లల మీద ఇంత పని జరిగితే, ఇక్కడే రాసిన థీసిస్‌లో దాని ఊసే లేకపోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మన యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ సైట్లో పాత థీసిస్‌లు కూడా చూడండి, ముఖ్యంగా వాళ్ళు వాడిన ప్రశ్నావళుల కోసం.

అపోహ: డబ్బు కట్టందే పూర్తి పేపర్ రాదు.

ముందు స్కాలర్‌లో "ఆల్ వెర్షన్స్" నొక్కండి, రచయిత తన యూనివర్సిటీ సైట్లో పెట్టిన కాపీ చాలాసార్లు అక్కడే ఉంటుంది. అమెరికా విద్యాశాఖ నడిపే విద్యా పరిశోధనల డేటాబేస్ ఎరిక్ అందరికీ ఉచితమే, అందులో పూర్తి పాఠం ఉన్నవాటినే చూపించమని టిక్ పెట్టుకోవచ్చు. మీది ప్రభుత్వ యూనివర్సిటీ లేదా కాలేజీ అయితే 2025 జనవరి నుంచి జర్నల్స్‌కి కేంద్రమే డబ్బు కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం నడుస్తోంది, లాగిన్ సంగతి మీ లైబ్రేరియన్‌ని అడగండి. అక్కడా దొరక్కపోతే రచయితకే మర్యాదగా నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి, మొహమాటం అక్కర్లేదు, చాలామంది సంతోషంగా పంపిస్తారు.

అపోహ: స్కాలర్‌లో కనిపించిందంటే నమ్మొచ్చు.

లేదు. డబ్బు తీసుకుని మూడు రోజుల్లో అచ్చేసే జర్నల్స్ కూడా అందులో వస్తాయి. నమ్మదగ్గ జర్నల్స్ ఇవీ అని యూజీసీ ఇచ్చే కేర్ లిస్టు 2025లో ఆగిపోయింది కాబట్టి ఎడిటర్లు ఎవరు, రివ్యూకి ఎంతకాలం తీసుకున్నారు అన్నది మీరే చూసుకోవాలి.

అపోహ: ఏఐని అడిగితే రిఫరెన్సులు రెడీగా ఇచ్చేస్తుంది.

ఇస్తుంది. పేరు, సంవత్సరం, పేజీ నంబర్లు అన్నీ ఉంటాయి, ఒక్కోసారి అసలు ఆ పేపరే ఉండదు. ప్రతి టైటిల్‌నీ స్కాలర్‌లో వెతికి, పేపర్ తెరిచి చూశాకే మీ లిస్టులోకి ఎక్కించండి.