టేపు మందగించింది, శ్రుతి పెరిగింది

1959 మార్చి 2. న్యూయార్క్‌లో పాత చర్చిని మార్చి కట్టుకున్న కొలంబియా రికార్డు కంపెనీ స్టూడియోలో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందం మూడు జాజ్ బాణీలు వాయించింది. 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్‌కి మొదటి వైపు అవే. ఆ రోజు రెండు టేపు యంత్రాలు నడిచాయి. వాటిలో ఒకటి ఉండాల్సిన వేగం కన్నా కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ సంగతి పట్టుబడకుండానే ఆ టేపు నుంచే ఎల్‌పీ అచ్చయింది.

నెమ్మదిగా కదిలే టేపు మీద ఒక సెకను సంగీతం తక్కువ పొడవులో సర్దుకుంటుంది. తర్వాత దాన్ని సరైన వేగంతో తిప్పితే ఆ పొడవు సెకను కన్నా ముందే అయిపోతుంది. అందుకే యంత్రం మందగిస్తే పాట పరిగెత్తుతుంది. తేడా ఒక శాతం అనుకుందాం: 440 హెర్ట్జ్ స్వరం 444 దాటుతుంది, తొమ్మిది నిమిషాల బాణీ అయిదు సెకన్లకు పైగా తగ్గిపోతుంది. టేపు మీద కాలప్రమాణం, శ్రుతి ఒకే తాడుకు కట్టిన రెండు కుండలు. ఒకదాన్ని కదిలిస్తే రెండోదీ కదులుతుంది.

దశాబ్దాల పాటు లోకం ఆ తప్పు శ్రుతినే విని ముగ్ధమైంది. రెండో యంత్రం టేపు నుంచి సరిచేసిన ప్రతి 1992లో గానీ రాలేదు. ఇన్నేళ్లూ వినేవాళ్లకు ఎందుకు తేడా తెలియలేదు? మనలో చాలామంది చెవి స్వరాన్ని విడిగా కొలవదు, స్వరాల మధ్య నిష్పత్తిని పట్టుకుంటుంది. అన్నీ ఒకే మేరకు పెరిగాయి కాబట్టి నిష్పత్తులు చెక్కుచెదరలేదు. రికార్డుతో పాటు వాయించబోయిన వాళ్లకే ఇబ్బంది.

మరి లోకాన్ని ముగ్ధం చేసిన ఆ రసం ఎక్కడుంది? మొదటి బాణీ 'సో వాట్' చూడండి. పియానో, బాస్ లయ కట్టకుండా ఆలాపనలా మొదలుపెడతాయి. తర్వాత పాల్ చాంబర్స్ బాస్ మీద ఒక ప్రశ్న లాంటి పలుకు వేస్తాడు, మిగతా వాద్యాలు రెండే రెండు కార్డులతో, అంటే ఒకేసారి పలికే స్వరాల గుత్తులతో, బదులిస్తాయి. నడక నిమిషానికి సుమారు 136 దెబ్బలు. ఇది విలంబం కాదు, చురుకైన నడకే. అయినా వింటుంటే తొందర ఉన్నట్టే అనిపించదు. నా దృష్టిలో దీని కిటుకంతా కార్డులు మారే వేగంలో ఉంది. అప్పటి జాజ్‌లో నాలుగు దెబ్బల ఆవర్తానికో కార్డు, ఒక్కోసారి రెండు మారేవి. వాయించేవాడు వాటి వెంట పరుగు తీయాలి. ఇక్కడ 32 ఆవర్తాల చుట్టులో మొదటి 16 ఒకే స్వరసప్తకం మీద నిలుస్తాయి. తర్వాత ఎనిమిది అదే సప్తకం అర్ధస్వరం పైన, చివరి ఎనిమిది మళ్లీ కిందికి. కాళ్లు వేగంగా నడుస్తున్నా కళ్ల ముందున్న కొండ కదలనట్టు ఉంటుంది ఆ అనుభూతి. టేపు ఒక శాతం అటూ ఇటూ అయితే కొండకేమవుతుంది!

ఆ స్వరసప్తకాన్ని పాశ్చాత్యులు డోరియన్ అంటారు. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం: అంటే 22వ మేళకర్త ఖరహరప్రియ స్వరాలే. త్యాగరాజు 'చక్కని రాజమార్గము' కట్టిన రాగం. అయినా ఆ కీర్తన విని కరిగిన చెవికి 'సో వాట్' బంధువులా తోచదు. మన గాంధారం గమకంతో ఊగుతుంది, ఇక్కడ నిటారుగా నిలబడుతుంది. పైగా బిల్ ఎవాన్స్ పియానో కార్డులో స్వరాలు ఎక్కువగా చతుర్థాల దూరంలో, అంటే షడ్జం నుంచి శుద్ధ మధ్యమం అంత ఎడంతో, పేర్చి ఉంటాయి. అందుకే అది సంతోషమనో విషాదమనో తేల్చి చెప్పదు.

లయలోనూ ఇలాంటి సూక్ష్మం ఉంది. స్వింగ్ అనే జాజ్ ఊగు నడకలో దెబ్బను రెండు అసమాన భాగాలుగా విరుస్తారు. ముందుది పొడుగు, వెనకది పొట్టి. నడక పెరిగే కొద్దీ ఆ రెండూ సమానం కావడానికి దగ్గరవుతాయి. 2022లో జర్మన్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో సోలో వాయించేవాడు దెబ్బ మీద స్వరాన్ని సెకనులో వందో వంతుల లెక్కలో ఆలస్యం చేసి, దెబ్బ నడుమ స్వరాన్ని మాత్రం డ్రమ్స్‌తో కలిపితే సంగీతకారులకు స్వింగ్ ఎక్కువగా వినిపించింది. ఎందుకో ఆ సంగీతకారులే చెప్పలేకపోయారు, చెవి మాత్రం ఒప్పుకుంది.

ఇంట్లో శ్రుతిపెట్టె ఉంటే రెండు శ్రుతికి పెట్టి, సరిచేసిన ప్రతితో 'సో వాట్' వినండి. ఆలాపన అయ్యాక పదహారు ఆవర్తాలు షడ్జం హాయిగా కలుస్తుంది. పదిహేడో ఆవర్తంలో బృందం రెండున్నరకు జరుగుతుంది, మీ పెట్టె ఒక్కటే కింద మిగిలిపోతుంది. ఎనిమిది ఆవర్తాల తర్వాత వాళ్లు మళ్లీ దాని దగ్గరికే దిగివస్తారు.