చైత్రమాసపు నడకల్లో కెమెరా: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు చెరువుల మీద, ఒంగోలు దగ్గరి కొత్తపట్నం తీరం వెంబడి నేను నడిపించే ఉదయపు నడకలకు వచ్చే కొత్త ఫొటోగ్రాఫర్ల ప్రశ్నల వెనుక తరచుగా ఒకే పొరపాటు కనిపిస్తుంది. ఎదుటి ప్రాణి ఏం చేస్తున్నదో గమనించకముందే, మనకు నచ్చిన అర్థాన్ని దానికి అంటగడతాము.

అపోహ: వసంతం రాగానే పక్షులు తరలివస్తాయి.

వాస్తవం: మన ప్రాంతంలో వసంతం చాలా పక్షులు వెళ్లిపోయే కాలం. ఉత్తరాది నుంచి చలికాలానికి వచ్చిన సూదితోక బాతులు, పట్టెతల బాతులు, ఉల్లంకి పిట్టలు మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరుగు ప్రయాణం కడతాయి. నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రంలో గూడబాతుల గూళ్లు చూడదలచినవారు (2022 జిల్లాల పునర్విభజనలో అది ఉన్న సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాకు వెళ్లినా మాకది ఇప్పటికీ నెల్లూరు లెక్కే) సంక్రాంతి చుట్టుపక్కల వెళ్లడం మేలు. అయితే ఆలస్యంగా వెళ్లినవారికి కూడా ఒక లాభం ఉంది. ప్రయాణానికి ముందు కొన్ని ఉల్లంకి జాతుల బూడిదరంగు ఈకలు ఇటుకరంగుకు తిరుగుతాయి కాబట్టి, రంగు మారిన పక్షి, సగమే మారిన పక్షి పక్కపక్కనే బురదలో ముక్కు గుచ్చుతూ కనిపిస్తాయి.

అపోహ: మామిడితోటలో కమ్మగా కూసేది ఆడకోకిల.

వాస్తవం: ఆ కూత నల్లని మగపక్షిది. గోధుమరంగు మీద తెల్లచుక్కలుండే ఆడపక్షి గొంతు కీచుగా ఉంటుంది. దాన్ని వెతకాలంటే కాకిగూళ్లున్న చెట్లను గమనించాలి.

అపోహ: తీతువు అరిస్తే ఆ ఇంటికి కీడు.

వాస్తవం: కీడు జరిగేది తీతువుకే, మన మూలంగా. కోతలైన మళ్లలోనూ, చెరువుకట్టల దిగువ గులకనేలల్లోనూ ఈ పక్షి గూడు అనదగినదేదీ కట్టకుండా చిన్న గుంటలో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మీద నల్లమచ్చలున్న ఆ గుడ్లు కాలి పక్కనే ఉన్నా కంటికి ఆనవు. మనిషి దగ్గరవుతున్నకొద్దీ అది తలపై తిరుగుతూ అరుస్తుంది. ఒక్కోసారి రెక్క విరిగినట్టు నేలమీద ఈడ్చుకుంటూ దూరంగా పోతుంది. ఆ నటన శత్రువును గుడ్లకు దూరంగా లాక్కుపోవడానికి. దాన్ని మంచి అవకాశమనుకుని నాలుగడుగులు ముందుకు వేసేవారిని ఏటా చూస్తున్నాను. ఎండ ముదిరిన వేళ ఈ పక్షులు గుడ్ల మీద కూర్చునేది వెచ్చదనం కోసం కాదు, నీడ పట్టడానికి. పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి మరీ గుడ్లను చల్లబరుస్తాయి. మనం అక్కడే తచ్చాడుతున్నంతసేపూ గుడ్లు ఎండకు మాడుతుంటాయి, పైగా కాకికి జాడ తెలుస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిపక్షుల గుడ్లను, గూళ్లను కలవరపెట్టడాన్ని కూడా వేట నిర్వచనంలోనే చేర్చింది.

అరుపు మొదలైన చోటే ఆగి, వచ్చిన దారినే వెనుదిరిగి, గట్టు చాటున కూర్చుని కెమెరాను దగ్గరలోని నీటి అంచు మీదికి తిప్పి ఉంచండి. తీతువు అక్కడికి దిగి, మోకాళ్లు వంచి, పొట్టను నీటిలో అటూ ఇటూ ఆడించి, నీళ్లు కారుతుండగానే గూటివైపు బయలుదేరుతుంది. గుడ్ల ఫొటోకంటే ఈ ఫొటో ఎన్నోరెట్లు విలువైనదని నా అభిప్రాయం.

అపోహ: రెండు జెర్రిపోతులు పెనవేసుకుంటే అది సయ్యాట.

వాస్తవం: నిలువునా లేచి, ఒకదాని తలను మరొకటి నేలకు అణచాలని చూస్తున్నాయంటే అవి బలాబలాలు తేల్చుకుంటున్న రెండు మగపాములు. వీడియోలకు ప్రేమపాటలు జోడించేవారు ఈ సంగతి గ్రహిస్తే బాగుండును. జెర్రిపోతు నాగుపాముతో జతకడుతుందన్న మాట కూడా నిజం కాదు. అవి వేర్వేరు కుటుంబాలకు చెందిన పాములు.

అపోహ: గొంతు ఎర్రబడిన తొండ రక్తం తాగింది.

వాస్తవం: అది జతకట్టే కాలంలో మగతొండకు వచ్చే రంగు. కంచెరాయి మీద తల ఊపుతూ ఉండే తొండ తన హద్దును చాటుకుంటున్నది. కదలకుండా కూర్చుంటే చాలాసేపు అక్కడే ఉంటుంది.

అపోహ: ఫోన్‌లో కూత వినిపించి పక్షిని రప్పిస్తే నష్టమేమీ లేదు.

వాస్తవం: గూడు కట్టే రోజుల్లో మగపక్షి ఆ శబ్దాన్ని తన హద్దులోకి చొరబడిన పోటీదారుగా భావించి, మేత మాని, లేని శత్రువు కోసం వెతుకుతుంది. నా నడకల్లో ఈ పద్ధతికి అనుమతి లేదు.

అపోహ: పెద్ద లెన్సు ఉంటే దూరం సమస్య కాదు.

వాస్తవం: పొద్దెక్కాక పులికాట్ ఉప్పునేలల మీద, ఎండిన చెరువు గర్భాల మీద వేడిగాలి వణుకుతుంది. లెన్సు ఎంత పెద్దదైతే ఆ వణుకు అంత పెద్దదై, రాజహంసల కాళ్లు మెలికలు తిరిగినట్టు వస్తాయి. తెల్లవారగానే మొదలుపెట్టి, ఎండ చుర్రుమనేలోగా దూరపు ఫొటోలు ముగించాలి. నల్లని నీటి మీద తెల్లకొంగ కనిపిస్తే ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోలో పడే వెలుగును, ఒక మెట్టు (స్టాప్) దాకా తగ్గించాలి. లేకపోతే ఈకల గీతలన్నీ తెల్లగా వెలిసిపోతాయి, వాటిని ఆ తరువాత ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.