ప్లానర్ సామగ్రి: కౌంటర్ దగ్గర వినే అపోహలు, కాగితం చెప్పే వాస్తవాలు

నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో మాది స్టేషనరీ దుకాణం, వెనక గదిలో బైండింగు పని. డిసెంబరులో డైరీలకు, మార్చిలో ఖాతా పుస్తకాలకు, జూన్‌లో నోటుబుక్కులకు గిరాకీ. చేయాల్సిన పనులు తేదీలవారీగా రాసుకునే ప్లానర్లు మాత్రం ఇప్పుడు ఏడాది పొడవునా పోతున్నాయి. గ్రూప్స్‌కు చదివే పిల్లలు, టీచర్లు, చిట్టీలు నడిపేవాళ్లు, బత్తాయి రైతులు అందరూ అడుగుతున్నారు. మొదట పెన్ను చూస్తారు, తర్వాత స్టిక్కర్లు, కాగితం సంగతి చివరికి గుర్తొస్తుంది. నన్నడిగితే ఈ వరస తలకిందులు. కాగితం కుదిరితే మిగతావి వాటంతటవే కుదురుతాయి.

అపోహ: జీఎస్ఎం ఎంత ఎక్కువైతే కాగితం అంత మంచిది.

వాస్తవం: జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క, అంతే. ఏ4 షీటు చదరపు మీటరులో పదహారో వంతు కాబట్టి 80 జీఎస్ఎం షీటు 5 గ్రాములు తూగుతుంది. సిరాను ఆ కాగితం నిలుపుతుందా, తాగేస్తుందా అన్నది ఈ అంకె చెప్పదు. అది చెప్పేది సైజింగ్. చేనేతలో పడుగుకు గంజి పట్టించినట్టే కాగితానికీ మిల్లులో గంజి, ఇతర రసాయనాలు పట్టిస్తారు. అది సరిగ్గా పడితే పల్చటి కాగితం కూడా సిరాను పైనే ఆపుతుంది. జపాన్‌వారి టొమోయె రివర్ కాగితం 52 జీఎస్ఎమ్మే. మన మామూలు నోటుబుక్కు కాగితం కన్నా పల్చన, అయినా ఇంకుపెన్ను వాడేవాళ్లు దాన్నే వెతుక్కుంటారు. సైజింగ్ సరిగా లేకపోతే 100 జీఎస్ఎం అని అట్ట మీద అచ్చేసుకున్న పుస్తకమైనా అద్దుడు కాగితంలా సిరాను పీల్చేస్తుంది.

అందుకే అంకె అడగకండి, మీ పెన్ను జేబులో పెట్టుకుని రండి. కట్టలో ఒక పుస్తకం నమూనాకు విప్పి ఉంచని దుకాణంలో ప్లానర్ కొనకపోయినా నష్టం లేదు. చివరి పేజీలో మీ పేరు రాయండి. పక్కనే పెన్ను మొనను ఐదు అంకెలు లెక్కపెట్టేంతసేపు కదలకుండా ఆనించి తీయండి. ఇప్పుడు అక్షరాల అంచులు చూడండి. సన్నటి వేర్లలా చీలితే సిరా పాకుతోందని అర్థం. పేజీ తిప్పండి. మీరు ఆనించిన చోట వెనక చుక్క తేలితే సిరా దిగుతోంది. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఆ పుస్తకం మీ పెన్నుకు పనికిరాదు. చుక్క లేకుండా వెనక రాత నీడలా మాత్రం కనిపిస్తే అది లోపం కాదు, పల్చటి కాగితం స్వభావం. ఆ నీడను చూసి మంచి పుస్తకాన్ని వద్దని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

అపోహ: ప్లాన్లు మారుతుంటాయి కాబట్టి చెరిగే జెల్ పెన్నే ప్లానర్‌కు సరైనది.

వాస్తవం: మన ఎండలు ఎరిగినవాళ్లు ఈ మాట అనరు. ఫ్రిక్సియన్ లాంటి చెరిగే పెన్నుల వెనక ఉండే గుబ్బ రబ్బరు కాదు. అది సిరాను కాగితం మీంచి గీకి తీయదు, రుద్దినప్పుడు పుట్టే వేడికి సిరా రంగు కోల్పోతుంది. దాదాపు 60 డిగ్రీల వేడి తగిలితే చాలు, ఆ వేడి ఎక్కడినుంచి వచ్చిందన్నది సిరాకు అనవసరం. మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు. అద్దాలు మూసి ఎండలో ఆపిన కారులో డ్యాష్‌బోర్డు అంతకన్నా చాలా ఎక్కువ కాగుతుంది. దాని మీద వదిలేసిన ప్లానర్‌లో నెలంతా రాసుకున్నది తెల్లకాగితమైపోవచ్చు. అలా జరిగితే కంగారు పడకండి. పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒక రాత్రి డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. సున్నాకు పది, ఇరవై డిగ్రీల కిందకు చల్లబడితే రాత తిరిగి కనిపిస్తుంది. మీరు కావాలని చెరిపినవి కూడా లేచి వస్తాయి, దానికి సిద్ధపడండి. ఈ పెన్నుతో చెక్కు, ప్రామిసరీ నోటు మాత్రం రాయకండి. మారే పనులకు హెచ్‌బీ పెన్సిల్, మారని తేదీలకు పెన్ను. నా దుకాణంలో అన్నిటికన్నా చవకైన సలహా ఇదే, అందుకే ఎవరికీ నచ్చదు.

అపోహ: బాల్‌పెన్ను పాత సరుకు, ప్లానర్‌కు జెల్ పెన్నే అందం.

వాస్తవం: అందం సంగతి మీ ఇష్టం. బాల్‌పెన్ను సిరాకు ఆధారం నూనె, జెల్ సిరాకు నీళ్లు. పల్చటి కాగితంలోంచి నూనె సిరా దిగడం అరుదు, రాసిన వెంటనే హైలైటర్ పూసినా చాలావరకు చెదరదు. జెల్ రాత మీద ఆరకముందే హైలైటర్ లాగితే అక్షరం చెదురుతుంది, పైగా హైలైటర్ మొనకు నలుపు అంటుకుని తర్వాతి పేజీలన్నీ మురికి చేస్తుంది. ముందు రంగు పూసి, ఆరాక దాని మీద రాస్తే ఈ గొడవే ఉండదు. బాల్‌పెన్నుకూ ఎండాకాలంలో ఒక జబ్బుంది. వేడికి సిరా పల్చబడి మొన దగ్గర బొట్టు కడుతుంది. పక్కన చిత్తుకాగితం ముక్క ఉంచుకుంటే సరిపోతుంది.

ఇంకుపెన్ను వాడేవాళ్లకు ఒక్క మాట. బోరునీళ్లకు గిన్నెలు తెల్లటి పొర కట్టే ఊళ్లు మనకు తక్కువేం కాదు. ఆ నీళ్లతో పాళీ కడిగితే అదే పొర సిరా దారిలోనూ పేరుకుంటుంది. ఫిల్టర్ నీళ్లు వాడండి.

అపోహ: గట్టి అట్ట ఉంటే బైండింగు గట్టిది.

వాస్తవం: అట్ట చొక్కా లాంటిది, లోపలి ఎముక కనబడదు. పుస్తకాన్ని నిలబెట్టి వీపు వైపు పైనుంచి చూడండి. కాగితాలు మడతలు మడతలుగా, చిన్న చిన్న కట్టలుగా కనిపిస్తే, మధ్యపేజీలో దారం కనిపిస్తే అది కుట్టిన పుస్తకం. బల్ల మీద తెరిస్తే పరుచుకుని ఉంటుంది, ఏడాదంతా తెరిచి మూసినా ఆకులు ఊడవు. మడతలు లేకుండా విడి కాగితాల అంచుకు జిగురు పూసి అట్ట అతికించి ఉంటే అది జిగురు బైండింగు. అందులో వాడే వేడి జిగురు మళ్లీ వేడి తగిలితే మెత్తబడుతుంది. బైకు డిక్కీలోనో కారులోనో తిరిగే పుస్తకమైతే నేను కుట్టుడు లేదా స్పైరల్ ఇస్తాను. స్పైరల్ చూపుకు చవకగా కనిపిస్తుంది కానీ తోటలో, షట్టర్ దగ్గర, నిలబడి ఒంటిచేత్తో రాసుకునేవాళ్లకు దాన్ని మించింది లేదు.

స్టికీ నోట్స్ అంటుకోవడం లేదని చాలామంది నకిలీ సరుకంటారు. చాలాసార్లు తప్పు దుమ్ముది. ఆ జిగురు సన్నటి పూసలుగా ఉంటుంది, దుమ్ము పట్టిన అట్ట మీద అంటిస్తే దుమ్మునే పట్టుకుని ఊరుకుంటుంది. అట్టను గుడ్డతో తుడిచి అంటించండి. కట్ట నుంచి తీసేటప్పుడు పైకి కాకుండా పక్కకు లాగితే చుట్టుకుపోదు.

అపోహ: ప్లానర్ జనవరి 1న మొదలుపెట్టాలి.

వాస్తవం: వ్యాపారికి ఏడాది ఏప్రిల్ 1న మొదలవుతుంది, బడి టీచరుకు జూన్‌లో, వానాకాలం సాగు చేసే రైతుకు మృగశిర కార్తెతో. తేదీలు అచ్చువేయని పుస్తకం తీసుకుని మీ పనికి తగ్గట్టు మీరే వేసుకోండి. ఒక బత్తాయి రైతు కోసం పేజీకి నాలుగు గళ్లు గీసి ఇచ్చాను: నీళ్లు ఆపి తోటను బెట్టకు వదిలిన తేదీ, మళ్లీ నీళ్లు పెట్టిన తేదీ, పూత, మందు. నెలల పేర్లు ఒక మూలన ఉంటాయి. అచ్చు ప్లానర్‌లో ఆయనకు కావలసిన గడి ఒక్కటీ లేదు.

అచ్చు తేదీలే కావాలంటే ముందు ఇంట్లో అటక వెతకండి. కరోనా రోజుల్లో పంచిన 2021 డైరీలు చాలా ఇళ్లలో రాయకుండా పడి ఉన్నాయి. 2021, 2027 రెండూ శుక్రవారంతో మొదలయ్యే, లీపు కాని మామూలు సంవత్సరాలు, కాబట్టి ఏ తేదీ ఏ వారమో అచ్చం సరిపోతుంది. 2015 డైరీ దొరికితే అది 2026కు పనికొస్తుంది. పండుగలను మాత్రం నమ్మకండి. 2021 డైరీలో ఉగాది ఏప్రిల్ 13న ఉంటుంది, దాన్ని కొట్టేసి కొత్త పంచాంగం చూసి రాసుకోండి, బాల్‌పెన్నుతో.