గూగుల్ చేసే ముందు బయాప్సీ రిపోర్టు చేతిలో పెట్టుకోండి

మా పెద్దమ్మకి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలిసిన రాత్రి ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన మొదటి మెసేజ్ లక్ష్మణ ఫలం గురించి. కీమో కంటే పది వేల రెట్లు పవర్‌ఫుల్ అంట, పరగడుపున తినాలంట. పంపిన మామయ్యకి అక్కంటే ప్రాణం, మార్కెట్లన్నీ తిరిగి రెండు పళ్ళు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాడు కూడా. ఆయన్ని కాదనలేక, అసలు ఆ పది వేలు ఎక్కడిదా అని వెతుక్కుంటూ పోతే 1996 నాటి ఒక రీసెర్చ్ పేపర్ దగ్గర తేలింది. అది పండు మీద చేసింది కాదు, గింజల్లోంచి తీసిన ఒక పదార్థాన్ని ల్యాబ్‌లో పెంచిన పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద వేసి, అడ్రియామైసిన్ అనే ఒక్క కీమో మందుతో పోల్చిన లెక్క. ఊపిరితిత్తుల ఊసే లేదు, మనుషులకి ఇచ్చి చూసిందీ లేదు. పైగా ఈ పళ్ళు, ఆకుల కషాయం బాగా వాడే కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవిలో, పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బుకి వీటితో సంబంధం ఉండొచ్చని 1999లోనే డాక్టర్లు రాశారు.

ఇలాంటివి ఎలాగోలా పట్టుకోవచ్చు. మమ్మల్ని నిజంగా తిప్పలు పెట్టింది కరెక్ట్ సమాచారమే.

డల్లాస్‌లో ఉండే అన్నయ్య ఇమ్యునోథెరపీ (మన ఒంట్లోని రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసే వైద్యం) గురించి ఒక పెద్ద హాస్పిటల్ లింక్ పంపాడు, అందులో తప్పేం లేదు, కానీ అది పెద్దమ్మకి మొదట ఇవ్వాల్సిన మందు కాదు. ఎందుకంటే లంగ్ క్యాన్సర్ అనేది ఒకటే జబ్బు కాదు. స్మాల్ సెల్, నాన్ స్మాల్ సెల్ అని రెండు పెద్ద రకాలు, నూటికి 85 దాకా రెండోదే, అందులో మళ్ళీ అడినోకార్సినోమా, స్క్వామస్ అని ఉంటాయి, అక్కడితో కూడా అయిపోదు, జీన్ టెస్ట్ రావాలి. పెద్దమ్మ జన్మలో బీడీ ముట్టలేదు, ముప్పై ఏళ్ళు కట్టెల పొయ్యి మీద వండింది, దగ్గు వస్తే ఎక్స్‌రేలో మచ్చ చూసి ముందు టీబీ మందులు వాడించారు. చివరికి బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేస్తే వచ్చిన రిపోర్టులో రెండో పేజీ కింద చిన్న అక్షరాల్లో ఒక లైన్ ఉంది: ఈజీఎఫ్ఆర్ ఎక్సాన్ 19 డిలీషన్ పాజిటివ్.

ఈజీఎఫ్ఆర్ అంటే కణం పైన ఉండే ఒక స్విచ్ లాంటిది, పెరగమని సిగ్నల్ వచ్చినప్పుడే ఆన్ అవ్వాలి. ఎక్సాన్ 19 డిలీషన్ అంటే దాని జీన్‌లో ఒక చిన్న ముక్క ఎగిరిపోవడం. ఈ మార్పు ఉన్నవాళ్ళలో ఆ స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతుంది, కణాలు ఆగకుండా పెరుగుతూ పోతాయి. జెఫిటినిబ్, ఒసిమెర్టినిబ్ లాంటి బిళ్ళలు ఆ స్విచ్‌నే అడ్డుకుంటాయి. ఆసియా దేశాల్లో పన్నెండొందల మందికి పైగా రోగుల మీద చేసిన ఐపాస్ అనే ట్రయల్ 2009లో వచ్చింది. ఆ మార్పు ఉన్నవాళ్ళలో జెఫిటినిబ్ జబ్బుని కీమో కంటే ఎక్కువ కాలం ఆపింది, లేనివాళ్ళలో కీమో కంటే బాగా వెనకబడిపోయింది. అంటే ఆ లైన్ చూడకుండా "ఫలానా బిళ్ళ బాగా పనిచేసింది" అని ఎవరు చెప్పినా, అది వాళ్ళకి నిజమే అయినా, మీ ఇంట్లో మనిషికి హాని చెయ్యొచ్చు.

ఇంకోటి, సర్వైవల్ నంబర్లు, అంటే జబ్బు బయటపడ్డాక ఇన్నేళ్ళకి నూటికి ఎంతమంది బతికున్నారనే లెక్కలు. ఐదేళ్ళ లెక్క కావాలంటే కనీసం ఐదేళ్ళ కింద జబ్బు బయటపడ్డవాళ్ళనే చూడాలి కదా, ఒసిమెర్టినిబ్‌కి అమెరికాలో పర్మిషన్ వచ్చిందే 2015లో, అంతకు ముందువాళ్ళ లెక్కలు చదివి నేను ఒక రాత్రంతా ఏడ్చాను. పేజీ ఎప్పుడు అప్‌డేట్ చేశారో ముందు చూడండి, దయచేసి.

నాకు బాగా పనికొచ్చింది అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ సైట్, ఒకే విషయాన్ని రోగులకి వేరుగా డాక్టర్లకి వేరుగా రాస్తారు, మొదటిది చదివి రెండోదానికి వెళ్తే అర్థమవుతుంది. మన దగ్గర ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ హాస్పిటల్ నడిపించే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ వైద్య గైడ్‌లైన్స్ ఫ్రీగా పెట్టింది, ఇక్కడి ఖర్చుల్ని కూడా దృష్టిలో పెట్టుకుని రాసినవి అవి. ఎవరైనా "కొత్త ట్రయల్, డబ్బు కట్టండి" అంటే సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో పేరు ఉందో లేదో వెతకండి.

సెకండ్ ఒపీనియన్‌కి వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితాలు ఒక్కటే సరిపోవు, బయాప్సీ ముక్కని మైనంలో పెట్టి దాచిన బ్లాకులు, స్లైడ్లు కూడా ల్యాబ్‌లో అడిగి తీసుకోండి. మాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, బ్లాకు కోసం మళ్ళీ వెనక్కి వెళ్ళి పది రోజులు పోగొట్టుకున్నాం.