చాకు పిడికి వెన్న వాసన ఎందుకొచ్చింది?

రాజోలు దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకురాలు రాశారు: "మా నాన్నగారి పనిముట్ల రేకు పెట్టెలో మూడు మడత చాకులున్నాయి. మూడింటికీ ప్లాస్టిక్ పిడులే. పసుపు రంగులో అద్దంలా ఉండే పిడికి తెల్లటి బూజులాంటిది పట్టి, పాడైన వెన్న వాసన కొడుతోంది. నీలం పిడిని గోటితో గీకితే పొడి రాలుతోంది. నల్ల పిడి మాత్రం కొన్ననాటిలాగే ఉంది. దిష్టి తగిలిందని మా అత్తయ్యగారు అంటున్నారు. ఒకే పెట్టెలో ఉన్న చాకులకు ఇన్ని గతులెందుకు?"

ప్లాస్టిక్ వందల ఏళ్లు మట్టిలో కలవదని రోజూ వింటున్నాం. అలాంటప్పుడు పిడి పదిహేనేళ్లకే పొడి కావడమేమిటన్న అనుమానం సహజం. రెండూ నిజమే. చెత్తగా మిగిలి ఉండటానికి గొలుసు అణువుల ముక్కలు చాలు. పిడిగా పనికి రావాలంటే గొలుసులు తెగకుండా పొడుగ్గా ఉండాలి. వందలో ఒక్క లంకె తెగినా బలం పోతుంది, బరువు మాత్రం తగ్గదు. ఇలా చిన్న అణువులు గొలుసుగా అల్లుకున్న పదార్థమే పాలిమర్, అది బడి పాఠమే. ఆ పాఠం మన బడుల్లో "బేకలైట్‌ను స్విచ్చులకు వాడతారు" అన్న ఒక మార్కు జవాబుగా మిగిలిపోయింది. ఎందుకు వాడతారని అడిగే పిల్లవాడికి మార్కులుండవు.

నీలం పిడి సంగతి తొందరగా తేల్చేస్తాను. అది బహుశా పాలీప్రొపిలీన్. ఈ గొలుసులో ఒకటి విడిచి ఒక కార్బన్‌కు పక్కకొమ్మ ఉంటుంది. ఆ కార్బన్‌పై ఉన్న హైడ్రోజన్‌ను ఊడబెరకడం అతినీలలోహిత కిరణాలకు సులువు. ఊడిన చోట ఆక్సిజన్ చేరుతుంది, గొలుసు తెగుతుంది. పెట్టెలోకి చేరకముందు ఆ చాకు పడవ మీదో, చేను గట్టునో ఏళ్ల తరబడి ఎండలో పడి ఉండాలి. నల్ల రంగుకు వాడే కార్బన్ మసి ఆ కిరణాలను తానే మింగేస్తుంది. రెండు శాతం మసి కలిస్తే చాలు, పిడి ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది. బయటి కరెంటు కేబుళ్ల తొడుగులు నల్లగా ఉండటానికి కారణమిదే.

అసలు ముచ్చట నల్ల పిడిది. అది గాజు పోగులు కలిపిన నైలాన్ అయ్యుండాలి, ఇప్పటి చాకుల్లో చాలావాటికి అదే వాడుతున్నారు. 1935లో అమెరికాలోని డూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో వాలెస్ కారొథర్స్ అనే రసాయన శాస్త్రవేత్త తయారు చేసిన ఈ పదార్థానికి ఒక చిత్రమైన గుణముంది. అది నీళ్లు తాగుతుంది, తాగి దెబ్బకు విరగకుండా ఓర్చుకునే గుణం తెచ్చుకుంటుంది. నమ్మకం కుదరకపోతే ఆత్రేయపురం వెళ్లి పూతరేకులు చుట్టేవారి దగ్గర కాసేపు కూర్చోండి.

బోర్లించిన కుండ మీద పల్చటి పిండిలో ముంచిన గుడ్డను ఇలా లాగగానే అలా రేకు లేస్తుంది. ఆరిన రేకును మడవబోతే పెళుక్కున విరుగుతుంది. అందుకే చుట్టే ముందు దాన్ని తడిగుడ్డతో అద్దుతారు. రెండు మూడు క్షణాల్లో రేకు బట్టలా లొంగుతుంది. అప్పుడు నెయ్యి రాసి, పంచదారో బెల్లం పొడో చల్లి, మడత మీద మడత వేస్తారు. ఇక్కడ నీరు చేసిన పని ఏమిటి? రేకులోని పిండి పదార్థం గ్లూకోజ్ గొలుసుల అల్లిక. పక్కపక్క గొలుసులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని కదలనివ్వవు. నీటి అణువు చిన్నది, హైడ్రోజన్ బంధాలంటే దానికి ఎక్కడలేని మక్కువ. గొలుసుల మధ్యకు దూరి, ఒకదాని చేయి విడిపించి తాను పట్టుకుంటుంది. గొలుసులు తెగవు, జారే వీలు మాత్రం దొరుకుతుంది. మడిచినప్పుడు పడే ఒత్తిడి ఒకే గీత మీద పేరుకోకుండా చుట్టూ సర్దుకుంటుంది.

నైలాన్‌లోనూ జరిగేది అచ్చంగా ఇదే. దాని గొలుసుల్లో వరుసగా అమైడ్ గుంపులుంటాయి, ఒక గొలుసులోని ఆక్సిజన్ పక్క గొలుసులోని నైట్రోజన్ మీది హైడ్రోజన్‌ను పట్టుకుని ఉంటుంది. ఆ పట్టులోకి నీరు చొరబడుతుంది. గాలిలో తేమ 50 శాతం ఉంటే నైలాన్ 66 అనే రకం తన బరువులో సుమారు రెండున్నర శాతం నీరు పీలుస్తుంది. నీళ్లలో నానబెడితే ఎనిమిది శాతం దాటుతుంది. గొలుసులు బిగుసుకుని గాజులా ప్రవర్తించే స్థితి నుంచి సాగే స్థితికి మారే వేడిమిని గాజు పరివర్తన ఉష్ణోగ్రత అంటారు. పూర్తిగా ఎండిన నైలాన్‌కు అది సుమారు 60 డిగ్రీలు. బాగా నానినదానికి సున్నా కిందికి పడిపోతుంది. పిండి పదార్థానికీ అంతే: 20 శాతం నీరు చేరేసరికి అది గది వేడిమి దాకా దిగివస్తుంది. రేకు చుట్టే మహిళ ఆ తడిగుడ్డతో చేసేది, శాస్త్రం మాటల్లో చెప్పాలంటే, గాజు పరివర్తన ఉష్ణోగ్రతను అరచేతి వేడి కిందికి దించడమే.

ఫలితం లెక్కల్లోనూ కనిపిస్తుంది. 50 శాతం తేమకు అలవాటుపడిన నైలాన్, ఎండు నైలాన్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు దెబ్బ తట్టుకుంటుంది. బిరుసుదనం మాత్రం సగానికి పైగా పోతుంది. కాబట్టి కోనసీమలో కింద పడినా చెక్కుచెదరని పిడి, అనంతపురం వేసవి గాలికి నెలల తరబడి ఎండితే కొంత పెళుసెక్కుతుంది. మన తేమను తిట్టుకునేవారు ఈ ఒక్క చోట దానికి దండం పెట్టవచ్చు. నీరు తాగినది ఉబ్బుతుంది కూడా. గాజు పోగులు లేని 10 సెంటీమీటర్ల నైలాన్ ముక్క పూర్తిగా నానితే రెండు మిల్లీమీటర్లకు పైగానే సాగుతుంది. అంత సాగితే మడత ఇరుకులో అలుగు (బ్లేడు) బిగుసుకుపోతుంది. గాజు పోగులు కలిపేది బలానికే కాదు, ఈ ఉబ్బును అదుపులో పెట్టడానికి కూడా.

రేకుకు క్షణాల్లో పట్టే పని పిడికి వారాలూ నెలలూ పడుతుంది. నీరు లోపలికి ఇంకే సమయం మందానికి వర్గంగా పెరుగుతుంది: మందం రెండింతలైతే సమయం నాలుగింతలు. అందుకే ఒక వానకు పిడి మారదు, ఒక వానాకాలానికి మారుతుంది.

ఇక వెన్న వాసన. దీనికీ పూతరేకును వదలనక్కర్లేదు, ఈసారి రేకును కాక దానిలోని నేతిని చూడాలి. పసుపు పిడి సెల్యులోజ్ అసిటేట్ బ్యూటిరేట్ అయ్యుండాలి. పారదర్శకమైన స్క్రూడ్రైవర్ పిడులు చాలావరకు ఇదే. సెల్లిడార్ పేరుతో స్విట్జర్లాండ్ ఎర్ర చాకుల తొడుగులకూ దీన్నే వాడతారు. ఇది చెట్ల నుంచో పత్తి నుంచో వచ్చిన సెల్యులోజ్, అంటే మళ్లీ గ్లూకోజ్ గొలుసే, పూతరేకుకు పెదనాన్న బిడ్డ అన్నమాట. ఒక్కో గ్లూకోజ్ గూటికి మూడు హైడ్రాక్సిల్ కొక్కేలుంటాయి. వాటికి అసిటిక్ ఆమ్లాన్నీ, బ్యూటిరిక్ ఆమ్లాన్నీ ఎస్టర్ బంధాలతో తగిలిస్తే కరిగి అచ్చులో ఒదిగే ప్లాస్టిక్ తయారవుతుంది. నేతిలోనూ బ్యూటిరిక్ ఆమ్లం ఉంటుంది, అక్కడ గ్లిజరాల్‌కు ఎస్టర్ బంధంతోనే అతుక్కుని ఉంటుంది. బంధంలో ఉన్నంతసేపూ దానికి వాసన లేదు. నీరు ఆ బంధాన్ని కోస్తే ఆమ్లం బయటపడుతుంది. నిలవ ఉండి పాడైన పూతరేకుల డబ్బా మూత తీస్తే వచ్చే కంపూ, మీ నాన్నగారి చాకు కంపూ ఒకే అణువుది. పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. నేతిని చెడగొట్టడంలో సూక్ష్మజీవుల ఎంజైములకూ వాటా ఉంది, పిడి విషయంలో వాటితో పనిలేదు.

నైలాన్ గొలుసుల మధ్య నీరు చేతులు మార్పించి ఊరుకుంది. ఇక్కడ మాత్రం బంధాన్నే కోసింది. పైగా బయటపడిన ఆమ్లమే తర్వాతి కోతకు ఉత్ప్రేరకం. కొద్దిగా ఆమ్లం, దాని వల్ల మరికొంత కోత, దాని వల్ల ఇంకా ఆమ్లం. మూసిన రేకు పెట్టెలో ఆవిరి బయటికి పోదు కాబట్టి ఈ చక్రం జోరందుకుంటుంది. దీని బంధువైన సెల్యులోజ్ ట్రైఅసిటేట్ ఫిల్ము 1948లో వచ్చింది. అది పాడవుతోందని పదేళ్లు తిరగకముందే కోడాక్ కంపెనీకి మొట్టమొదట తెలిపింది భారత ప్రభుత్వం. మన వేడిలో, మన తేమలో దాచిన రీళ్లు అవి. అక్కడ వెలువడింది అసిటిక్ ఆమ్లం కాబట్టి పులిసిన వాసన, ఇక్కడ బ్యూటిరిక్ కాబట్టి వెన్న వాసన.

పిడుల ప్లాస్టిక్కుల్లో ఇంతకంటే పాతదీ, ప్రమాదకరమైనదీ సెల్యులాయిడ్. 1870లో జాన్ వెస్లీ హయట్ పేటెంటు పొందిన పద్ధతిలో నైట్రోసెల్యులోజ్‌ను మెత్తబరచింది కర్పూరం! హారతి కర్పూరం డబ్బాలోనే హరించుకుపోవడం అందరూ చూసిందే. పిడిలోదీ అంతే, ఏళ్ల మీద ఎగిరిపోతుంది, పిడి కుంచించుకుపోయి పగుళ్లు తేలుతుంది. ఆ పైన నైట్రోజన్ ఆక్సైడ్లు వెలువడి తేమతో కలిసి నైట్రిక్ ఆమ్లమవుతాయి. తన అలుగునే కాక పక్క చాకుల అలుగులను కూడా తుప్పు పట్టిస్తుంది. దిష్టి ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకినట్టు అనిపిస్తే అది కళ్ల తప్పు కాదు. బాలింత తలగడ కింద చాకు పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గాలి చొరబడని ఆ వెచ్చటి చోటు ఇలాంటి పిడికి అన్నిటికంటే చెడ్డది. దయ్యాన్ని ఆపే పని ఇనుముకు అప్పగించారు గానీ పిడి సంగతి ఎవరూ ఆలోచించినట్టు లేదు.

పసుపు చాకును వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి ఆరబెడితే పై ఆమ్లం విరుగుతుంది, తెల్లపొర పోతుంది. లోపలి కోత ఆగదు కాబట్టి కొంతకాలానికి వాసన మళ్లీ వస్తుంది. పెట్టెలోంచి తీసి గాలి ఆడేచోట విడిగా ఉంచితే కోత నెమ్మదిస్తుంది.

పిడి ఏ ప్లాస్టిక్‌దైనా పగులు చాలాసార్లు రివిట్ దగ్గరే మొదలవుతుంది. ఉక్కు కంటే గాజు పోగులు కలపని ప్లాస్టిక్ వేడికి ఆరేడు రెట్లు ఎక్కువ సాగుతుంది. 10 సెంటీమీటర్ల చాకు 30 డిగ్రీలు వేడెక్కితే, రోహిణి కార్తెలో స్కూటర్ డిక్కీలో అంత వేడి సులువుగా ఎక్కుతుంది, ప్లాస్టిక్ పావు మిల్లీమీటరు సాగుతుంది, ఉక్కు అందులో ఆరోవంతే. ఈ తేడా అంతా రివిట్ రంధ్రం అంచు మీద పడుతుంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో పనిచేసేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఎముకలా కనిపించే కొన్ని పిడులు అసిటాల్ అనే ప్లాస్టిక్. అది నీటిని దాదాపు పీల్చదు, డెల్టాకు చక్కగా సరిపోతుంది. అయితే క్లోరిన్‌కు లొంగుతుంది. బ్లీచింగ్ పౌడర్ పట్టిన చేత్తో పట్టుకున్నాక కడగకపోతే ఆ క్లోరిన్ పిడి ఉపరితలాన్ని మెల్లగా తినేస్తుంది.

తమ పిడి ఏదో తెలుసుకోవాలనుకునేవారు ఊడిపోయిన చిన్న పెచ్చును గ్లాసు నీళ్లలో వేయండి. తేలితే బహుశా పాలీప్రొపిలీన్. మునిగితే ఉప్పు కలుపుతూ పోండి. మంచినీటి సాంద్రత 1 అనుకుంటే ఏబీఎస్ అనే ప్లాస్టిక్ సాంద్రత 1.05, కాబట్టి అది ముందు లేస్తుంది. గాజు పోగుల్లేని నైలాన్ 1.14, దానికి ఇంకా చాలా ఉప్పు కావాలి. ఉప్పు ఇక కరగదన్న దశలో నీటి సాంద్రత 1.2. అప్పటికీ అడుగునే ఉంటే అసిటాలో, గాజు నైలానో కావచ్చు. వెన్న వాసన పిడి సుమారు 1.2 కాబట్టి తేలాలా మునగాలా అని అక్కడే తచ్చాడుతుంది, దాన్ని ముక్కుతో గుర్తుపట్టడమే సులువు. పెచ్చుకు గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది. ఒక చుక్క సబ్బు నీళ్లు వేసి కలిపితే అవి వదిలిపోతాయి.