యుద్ధం ముగిశాక లిబర్టీ ఓడలు: మోడల్ చేసేవాళ్లు నమ్మే కొన్ని అపోహలు, అసలు వాస్తవాలు

చాలా ఏళ్లుగా ప్లాస్టిక్ ఓడలు కడుతున్నాను. మొదట్లో అందరిలాగే యుద్ధనౌకలే కట్టాను, తర్వాత మనసంతా సరుకు ఓడల మీదకి పోయింది, అందులోనూ రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా హడావిడిగా కట్టి, యుద్ధం ముగిశాక అమ్మేస్తే, కొన్నవాళ్లు కోసి, అతికించి, సాగదీసి ఇంకో పాతికేళ్లు నడిపిన ఓడల మీదకి. వాటిలో అన్నిటికంటే ఎక్కువ కట్టిన సరుకు ఓడ రకం పేరే లిబర్టీ. "అన్నా, యుద్ధం తర్వాతి లిబర్టీ చేయాలనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్లందరి మాటల్లో మళ్లీమళ్లీ వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి, అవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కిట్‌లోంచి తుపాకులు తీసేసి, రంగు మారిస్తే చాలు.

నేను కూడా మొదటి ఓడని ఇలాగే చేశాను. ట్రంపెటర్ కంపెనీ వాళ్ల జెరెమయా ఓబ్రయన్ అనే లిబర్టీ కిట్ (1/350 స్కేల్, అంటే అసలు ఓడలో 350వ వంతు) తీసుకుని, తుపాకులు అతికించకుండా వదిలేసి, హల్‌కి, అంటే ఓడ ఒంటికి, నలుపు, పై కట్టడానికి తెలుపు కొట్టి షెల్ఫ్‌లో పెట్టాను. తర్వాత ఒకరోజు యాభైల నాటి ఫొటో పక్కన పెట్టి చూస్తే ఎక్కడా కలవలేదు.

తుపాకులు పోతే వాటి కింద ఉండే గుండ్రటి తొట్లు కూడా పోవాలి. ముందు, వెనుక, బ్రిడ్జి పక్కన, అన్ని చోట్లా ఉంటాయి అవి. మాస్తుల (డెక్ మీది నిలువు స్తంభాల) తాళ్ల పక్కన ఏటవాలుగా నిలబెట్టిన లైఫ్ రాఫ్ట్‌లు యుద్ధకాలం గుర్తు, అవీ తీసేయాలి. వీల్‌హౌస్ (ఓడని నడిపే గది) పైన తెరిచి ఉండే బ్రిడ్జిని చాలామంది యజమానులు గోడలు కట్టి మూసేశారు, కొందరు అలాగే ఉంచారు. రాడార్ వచ్చింది, పొగగొట్టం మీద కంపెనీ గుర్తు వచ్చింది, వెనుక భాగాన పేరు కింద రాసే ఊరు, అంటే ఓడ రిజిస్టరైన రేవు, మారింది. పైరియస్ అనో, పనామా అనో, మన్రోవియా అనో ఉంటుంది. ఇవన్నీ ఒకేసారి, ఒకే రోజు జరగలేదు. 1947లో ఉన్న ఓడ 1955లో ఉండదు. అందుకే నేను ఎవరికైనా ముందు చెప్పేది ఒకటే: ఏ ఓడ, ఏ పేరుతో ఉన్నప్పుడు, ఏ సంవత్సరంలో అన్నది ముందు తేల్చుకోండి, బ్లేడు తర్వాత పట్టుకోవచ్చు.

అపోహ: మ్యూజియం ఓడ ఫొటోలు దగ్గర ఉంటే ఇక టెన్షన్ లేదు.

శాన్ ఫ్రాన్సిస్కోలో జెరెమయా ఓబ్రయన్, బాల్టిమోర్‌లో జాన్ డబ్ల్యూ. బ్రౌన్ ఇప్పటికీ ఉన్నాయి, రెండూ అద్భుతమైన ఓడలు. కానీ వాటిని కాపాడినవాళ్లు యుద్ధకాలం రూపంలో కాపాడారు. హల్ ప్లేట్ల గీతలు, విన్చ్‌లు (తాళ్లు లాగే యంత్రాలు), హ్యాచ్‌ల (డెక్ మీద సరుకు దించే ద్వారాల) కొలతల కోసం వాటి ఫొటోలు చూడండి, మార్పుల కోసం మాత్రం చూడకండి. పైరియస్‌లో ఉన్న హెలాస్ లిబర్టీని చూసి "ఇదే గ్రీకు లిబర్టీ" అనుకునేవాళ్లు ఉన్నారు. అది ఆర్థర్ ఎమ్. హడెల్ అనే అమెరికా ఓడ, 2008లో గ్రీసుకి ఇచ్చారు. యుద్ధం ముగిసిన వెంటనే గ్రీకు యజమానులు తమ ప్రభుత్వ హామీ మీద కొన్న ఆ ప్రసిద్ధమైన 100 లిబర్టీల్లో అది లేదు. వాటికి గుర్తుగా అక్కడ ఉంది, అంతే.

అపోహ: ఇవి ఐదేళ్ల కోసం కట్టిన నాసిరకం ఓడలు, వెల్డింగ్ వల్ల విరిగిపోయాయి.

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. మొత్తం 2,710 లిబర్టీలు కట్టారు. రాబర్ట్ ఇ. పియరీ అనే ఓడని 1942 నవంబర్‌లో 4 రోజుల 15 గంటల్లో నీళ్లలోకి దించారు, ప్రచారం కోసమే చేసిన పని అది. ఆ ఓడ కూడా 1963 వరకు తుక్కుకి పోలేదు.

విరిగిన మాట నిజమే. 1943 జనవరి 16 రాత్రి పోర్ట్‌లాండ్‌లో షెనెక్టడీ అనే కొత్త టి2 ట్యాంకర్ (యుద్ధకాలంలో అమెరికా కట్టిన నూనె మోసే ఓడ రకం) రేవులో, కదలని నీళ్లలో, కట్టి ఉండగానే రెండుగా చీలింది. అదే ఏడాది నవంబర్‌లో జాన్ పి. గెయిన్స్ అనే లిబర్టీ సముద్రంలో విరిగి 10 మంది పోయారు. అందరూ వెల్డర్లనే తప్పుపట్టారు. కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే లోహశాస్త్రవేత్త ఆ ఉక్కునే పరీక్షించి చూస్తే, చలి ఒక హద్దు దాటాక అది సాగే గుణం పోగొట్టుకుని గాజులా పెళుసుగా మారుతోందని తేలింది. హ్యాచ్‌ల చదరపు మూలల దగ్గర ఒత్తిడి పోగుపడి పగులు మొదలయ్యేది. రివెట్లు కొట్టిన ఓడలో అయితే పగులు ప్లేటు అంచు దగ్గర ఆగుతుంది, వెల్డింగ్ చేసిన ఓడలో ఆగడానికి అంచే ఉండదు, అందుకే దోషమంతా వెల్డింగ్ మీదకి పోయింది. లిబర్టీల తర్వాత వచ్చిన విక్టరీ అనే సరుకు ఓడల్లో ఫ్రేముల (హల్ లోపల పక్కటెముకల్లా ఉండే ఉక్కు చట్రాల) మధ్య దూరాన్ని 30 అంగుళాల నుంచి 36కి పెంచారు, హల్ అంత బిగుసుకుపోకుండా.

మోడల్‌కి దీనితో సంబంధం ఏంటంటే, మరమ్మతు చేసిన లిబర్టీల్లో పగులు పాకకుండా డెక్ అంచు వెంబడి రివెట్లు కొట్టిన పట్టీలు వేశారు. యాభైల నాటి ఓడ మీద ఆ పట్టీ కనిపించాలి. సన్నటి స్టైరీన్ (మోడల్ ప్లాస్టిక్) స్ట్రిప్‌తో పది నిమిషాల పని, ఓడకి వయసు వచ్చేస్తుంది. షెనెక్టడీని కూడా అతికించి నడిపారు, 1962లో గాని తుక్కు చేయలేదు.

అపోహ: పొడవు పెంచడం అంటే మధ్యలో ముక్క దూర్చడమే.

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, నాకు బాగా ఇష్టమైన భాగం ఇది.

లిబర్టీ పొడవు 441 అడుగుల 6 అంగుళాలు. కొన్నింటిని 70 అడుగులు పెంచి 511 అడుగులు దాటించారు. 1/350లో అది 61 మిల్లీమీటర్లు, 1/700లో 30 మిల్లీమీటర్ల పైచిలుకు. కోత పెట్టాల్సింది హల్ అడ్డుకోత మారకుండా సమానంగా సాగే మధ్యభాగంలోనే. నేను మొదటిసారి ఒక పక్క ఆ సమానభాగం దాటి కోశాను, ముక్క పెట్టాక హల్ పక్కన చిన్న మెట్టులా వచ్చింది, ఎంత పుట్టీ పెట్టి శాండ్ పేపర్‌తో రుద్దినా ప్రైమర్ పడగానే కనిపించేది. పైగా హల్ సాగితే డెక్ మీద హ్యాచ్‌లు, మాస్తులు, సరుకు ఎత్తే డెరిక్‌ల దూరాలు కూడా మారాలి, అవి పాత చోటే ఉంటే ఓడ అబద్ధం చెప్తున్నట్టే ఉంటుంది.

టి2 ట్యాంకర్లతో ఇంకో పద్ధతి నడిచింది. ఇంజిన్ ఉన్న వెనుక భాగం, అంటే మన తీరంలో అమరం అనేది, దాన్ని ఉంచుకుని మిగతాది కొత్తగా కట్టడం. 1952 ఫిబ్రవరి 18న అమెరికా తూర్పు తీరంలోని కేప్ కాడ్ దగ్గర ఒకే రోజు పెండిల్టన్, ఫోర్ట్ మెర్సర్ అనే రెండు టి2లు విరిగాయి. ఫోర్ట్ మెర్సర్ వెనుక ముక్క తేలుతూ మిగిలింది, దానికి కొత్త ముందు భాగం కట్టి శాన్ జసింటో అని పేరు పెట్టారు, 1964లో అదీ విరిగింది.

మెరైన్ ఎలక్ట్రిక్ అనే ఓడ సంగతి ఇంకా బరువైనది. 1944లో కట్టిన టి2, అరవైల మొదట్లో జర్మనీలో కట్టిన కొత్త మధ్యభాగం పెట్టి 605 అడుగుల బల్క్ క్యారియర్‌గా (బొగ్గులాంటి విడి సరుకు మోసే ఓడగా) మార్చారు. 1983 ఫిబ్రవరి 12న వర్జీనియా తీరానికి దూరంగా బొగ్గు లోడుతో మునిగింది. 34 మందిలో ముగ్గురే బతికారు, చాలామందిని చంపింది ఆ చల్లటి నీరే. ఆ తర్వాతే అమెరికాలో చలినీటి సూట్లు తప్పనిసరి అయ్యాయి, కోస్ట్ గార్డ్‌కి రెస్క్యూ స్విమ్మర్లు వచ్చారు. ఈ ఓడని మోడల్ చేస్తే హ్యాచ్ మూతల తుప్పు శ్రద్ధగా చేయండి, విచారణలో వాటి దుస్థితి గురించే పెద్ద చర్చ నడిచింది.

అపోహ: తొలి కంటైనర్ ఓడ మీద ఇప్పటి ఇరవై, నలభై అడుగుల డబ్బాలు పెట్టేయొచ్చు.

పెట్టకూడదు. కంటైనర్ రవాణా మొదలుపెట్టిన అమెరికా వ్యాపారి మాల్కమ్ మెక్లీన్ ఓడ ఐడియల్ ఎక్స్ కూడా ఒక టి2నే, పాత పేరు పొట్రెరో హిల్స్. 1956 ఏప్రిల్ 26న న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కి 58 డబ్బాలతో బయలుదేరింది. ఇప్పటి కొలతలు ఖరారైంది అరవైల్లో, అప్పటి డబ్బాలు 33 అడుగులవి. ట్యాంకర్ డెక్ మీద పైపులన్నీ అలాగే ఉంచి, వాటిపైన ఎత్తుగా ఇంకో డెక్ కట్టి దాని మీద పెట్టారు. అంటే పైపులు కూడా చేయాలి, పక్కనుంచి కనిపిస్తాయి.

అపోహ: పాత ఓడ అంటే ఒళ్లంతా తుప్పే.

తుప్పు ఉంటుంది, కానీ యాంకర్ గొలుసు కింద, నీళ్లు కారే రంధ్రాల కింద, రేవు గోడకి రాసుకునే చోట. పైకట్టడానికి సిబ్బంది ఏదో ఒక పక్క రంగు వేస్తూనే ఉంటారు. పాత రంగు మీద కొత్త రంగు అతుకులు పడినట్టు ఉంటుంది చూడండి, అది చేస్తే ఓడ పనిలో ఉన్నట్టు అనిపిస్తుంది.

ప్రస్తుతం నా బల్ల మీద 1/700లో క్లిఫ్స్ విక్టరీ ఉంది, స్టైరీన్ షీట్‌తో మొదటినుంచీ కడుతున్నాను. నోట్రడామ్ విక్టరీ అనే 455 అడుగుల యుద్ధకాలపు ఓడ, దాన్ని 1951 నాటికి 620 అడుగులకి సాగదీసి, ఉత్తర అమెరికా మహా సరస్సుల ఓడల్లా వీల్‌హౌస్‌ని ముందు చివరకి తెచ్చారు. బాల్టిమోర్ నుంచి మిసిసిపీ మీదుగా షికాగో దాకా లాక్కెళ్లారు, వంతెనల కింద దూరడానికి పై కట్టడాలు విప్పేసి. 1957లో మళ్లీ పెంచి 716 అడుగులు చేశారు. నా స్కేల్‌లో రెండిటికీ తేడా దాదాపు 42 మిల్లీమీటర్లు. నేను 1951 రూపమే చేస్తున్నాను, ఎందుకంటే ఆ ఏడాది ఫొటోలు ఒడ్డు నుంచి పక్కగా తీసినవి రెండు నా దగ్గర ఉన్నాయి. హల్ అయిపోయింది. వీల్‌హౌస్ కిటికీలు మాత్రం ఆ ఫొటోల్లో సరిగా కనపడట్లేదు, ముందు నుంచి తీసినది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.